చిన్న చేపపిల్లల పెంపకంలో మా సంఘం నేర్చుకున్నది
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మేము పది మందిమి. చేపపిల్లల పెంపకంలో బాగుపడ్డాము కాబట్టి మాట్లాడమన్నారు. బాగుపడిన సంగతి చెప్పాలంటే ముందు చెడిపోయిన సంగతి చెప్పాలి. అది దాచిపెడితే మీకు ఉపయోగం ఉండదు.

గ్రామ సంఘం ద్వారా సామాజిక పెట్టుబడి నిధి నుండి అప్పు తీసుకుని, ఊరి చివర పది సెంట్ల నర్సరీ చెరువు కౌలుకి తీసుకున్నాము. స్పాన్ తెచ్చి, పదిహేను ఇరవై రోజులు పెంచి, అంగుళం సైజు అయ్యాక చెరువుల రైతులకి అమ్మాలని మా ఆలోచన. స్పాన్ అంటే పుట్టి మూడు రోజులైన పిల్ల, వడ్లగింజ కన్నా చిన్నది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడు రకాలూ తెచ్చాము.

ఇక్కడే మొదటి తప్పు చేసాము. పది సెంట్లకి లక్షన్నర సరిపోతుంది. మరీ వదిలితే రెండు లక్షలు. తక్కువ రేటుకి వస్తున్నాయి గదా అని మేము నాలుగు లక్షలు వదిలాము. ఎక్కువ వేస్తే ఎక్కువ వస్తాయి అనుకున్నాము. వరి నారు కూడా ఒత్తుగా పోస్తే పీలగా వస్తుందని తెలిసిన వాళ్లమే, చేప దగ్గర మర్చిపోయాము.

తొమ్మిదో రోజు. ఆషాఢమాసం, రెండు రోజుల నుండి మబ్బు పట్టి ఉంది. ఆ రోజు మేత వేసే వంతు మాలో ఒక అక్కది. ఎప్పటిలాగే వేరుశనగ చెక్క పొడి, తవుడు సమంగా కలిపి సాయంత్రం చల్లి ఇంటికి వెళ్లింది. తెల్లారుగట్ల వెళ్లి చూస్తే పిల్లలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పొద్దెక్కేసరికి గట్టు పొడుగునా తెల్లగా తేలిపోయాయి.

అప్పుడు మేము ఆ అక్కని అనరాని మాటలు అన్నాము. మేతలో ఏం కలిపావని అడిగాము. చెయ్యి మంచిది కాదన్న మాట కూడా వచ్చింది. భర్త లేని మనిషి, ఎదురు చెప్పలేదు. తర్వాత రెండు మీటింగులకి రాలేదు, పొదుపు మాత్రం కూతురితో పంపించింది. పోయిన డబ్బు కన్నా ఇది మా సంఘానికి పెద్ద నష్టం.

సచివాలయంలో ఉన్న మత్స్య సహాయకురాలు వచ్చి, నీళ్లు పరీక్ష చేసి, లెక్క అంతా అడిగి, జరిగింది వివరంగా చెప్పింది. అది మీకూ చెప్తాము.

నీళ్లలో గాలి కలిసి ఉంటుంది. చేప దాన్నే మొప్పలతో పీల్చుకుంటుంది. పగలు ఎండ ఉంటే నీళ్లలోని పచ్చని నాచు గాలిని తయారు చేస్తుంది. రాత్రి అయితే ఆ నాచు కూడా చేపతో పాటు గాలిని వాడుకుంటుంది. అందుకే తెల్లారే ముందు చెరువులో గాలి బాగా తక్కువ ఉంటుంది. ముందు రోజు మబ్బు పడితే తయారయ్యేదే తక్కువ. దానికి తోడు రెట్టింపు పిల్లలు, కింద మిగిలిపోయి కుళ్లే మేత. తలుపులు మూసిన చిన్న గదిలో పెళ్లివారందరినీ పడుకోబెట్టినట్టు అయింది. నీళ్లలో ఆక్సిజన్ 5 పీపీఎం పైన ఉంటే పిల్ల హాయిగా ఉంటుంది. 3 కన్నా తగ్గితే ప్రమాదం.

ఇంకొకటి అమ్మోనియా. చేప తిన్నదాంట్లో మలినం ఎక్కువగా మొప్పల నుండే నీళ్లలోకి వస్తుంది. పిల్లలు ఎక్కువై, మేత మిగిలితే ఇది పెరుగుతుంది. నీళ్లు వేడెక్కినా, పీహెచ్ పెరిగినా దీని విషం ఇంకా ఎక్కువవుతుంది. బతికిన పిల్ల కూడా మొప్పలు చెడి ఎదగదు.

ఇది మన చేపకే కాదు. కాశ్మీర్‌లో, హిమాచల్‌లో ట్రౌట్ అనే చేపని చల్లటి పారే నీళ్ల తొట్లలో పెంచుతారు. చలి దేశాల్లో సాల్మన్ పిల్లల్ని కూడా తొట్లలోనే పెంచుతారు. అక్కడా నీళ్లు కదలకుండా, పిల్లలు ఇరుకుగా ఉంటే ఒకదాని రెక్కలు ఒకటి కొరుక్కుంటాయి. నీళ్లు సరిపడా పారుతుంటే ఒకే దిక్కుకి తిరిగి ఈదుతాయి, కొట్లాట తగ్గుతుంది. చేప ఏదైనా, అది ఉండే నీళ్లని బట్టే దాని ఆరోగ్యం.

అంటే ఆ అక్క తప్పు ఏమీ లేదు. నాలుగు లక్షలు వదలాలని తీర్మానం రాసింది మేము పది మందిమి, సంతకాలు పెట్టింది పది మందిమి. మేమందరం వాళ్ల ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పాము. తర్వాత మీటింగులో అదే మాట మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాము. పుస్తకంలో ఎందుకు అని కొందరు అన్నారు. తిట్టింది పది మంది ముందు, ఒప్పుకోవడం కూడా పది మంది ముందే ఉండాలని రాసాము.

రెండోసారి ఇలా చేసాము. చెరువు ఎండగట్టి, సెంటుకి కిలో చొప్పున సున్నం చల్లాము. పేడ, చెక్క నానబెట్టి వేసి, పిల్ల తినే సన్నటి పురుగు పెరగనిచ్చాము. నీళ్లు పెట్టేటప్పుడు గొట్టానికి సన్న వల కట్టాము, లేకపోతే కలుపు చేపలు వచ్చి పిల్లల్ని తినేస్తాయి. నీటి పురుగులు కూడా స్పాన్‌ని తింటాయి. వాటి కోసం వదిలే ముందు రోజు గాలి లేని వేళ, రెండు కిలోల పైచిలుకు వంట నూనె, ముప్పావు కిలో సబ్బు కలిపి నీటి మీద చల్లాము. నూనె పొర ఉంటే పైకి వచ్చి గాలి పీల్చే పురుగులు చచ్చిపోతాయి.

స్పాన్ లక్షన్నరే తెచ్చాము. సంచులు రాగానే విప్పకుండా చెరువులో పావుగంట తేలనిచ్చి, లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే వేడికి వచ్చాక, కొంచెం కొంచెం చెరువు నీళ్లు సంచిలోకి పోసి, అప్పుడు వదిలాము. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించాము, పిల్ల పైకి తేలిన రోజు అసలు వెయ్యలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఇద్దరిద్దరం వంతులు వేసుకుని చూసాము. తేడా కనిపిస్తే ఇంజను పెట్టి కొత్త నీళ్లు పైనుండి చిమ్మించాము.

పద్దెనిమిదో రోజు వల లాగితే అరవై వేల పైన పిల్ల వచ్చింది. లక్షన్నరకి అంతేనా అనకండి. నర్సరీలో నూటికి నలభై, యాభై దక్కితే మంచి పెంపకం కిందే లెక్క. అది తెలియకపోతే ప్రతిసారీ ఎవరినో ఒకరిని తిట్టుకుంటాము.

అమ్మే ముందు రోజు పిల్లల్ని మంచి నీళ్ల తొట్టిలో మేత లేకుండా ఉంచాలి. కడుపు ఖాళీ అయితే దారిలో సంచి నీళ్లు పాడవ్వవు. మొదట్లో ఇది చెయ్యక కొన్న రైతుతో మాట పడ్డాము.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలీకున్హి గార్లు ఇంజెక్షనుతో చేపలచేత గుడ్లు పెట్టించారు. అంతకు ముందు పిల్ల కావాలంటే ఎక్కువగా నదుల్లో వెతికి పట్టాల్సి వచ్చేది. అందుకే జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ రోజు మేము మా చెరువు గట్టున కూర్చుని అప్పు లెక్క చూసుకుంటాము. రెండు పంటల డబ్బుతో మొదటి నష్టం పూడింది, అప్పు కంతులు ఒక్కటీ తప్పలేదు.

ఇప్పుడు నీళ్ల పరీక్ష కిట్టు ఆ అక్క దగ్గరే ఉంటుంది. రీడింగు చూసి మేత ఎంత వెయ్యాలో ఆమే చెప్తుంది, మేము వేస్తాము.

అక్కలారా, మీ సంఘంలో చేపలైనా, గేదెలైనా, దుకాణమైనా నష్టం వస్తుంది. వచ్చిన రోజు ముందు నీళ్లు చూడండి, లెక్క చూడండి, మనం రాసుకున్న తీర్మానం చూడండి. మనిషి మీదకి వెళ్లకండి. పోయిన పిల్లని మళ్లీ తెచ్చుకోవచ్చు. మీటింగుకి రావడం మానేసిన మనిషిని తెచ్చుకోవడం కష్టం, మేము పడ్డాము కాబట్టి చెప్తున్నాము.

 చూడాలనుకున్న సంఘాలు మా ఊరు రండి, తెల్లవారుజామున రండి. చెరువు అప్పుడే నిజం చెప్తుంది.