జల్సా అంటే కూర్చునుడే!
(హనుమాన్ జంక్షన్‌లో చేసిన ప్రసంగ పాఠం)

నూజివీడు తొవ్వ, గుడివాడ తొవ్వ పెద్ద రోడ్డును కలిసే ఈ హనుమాన్ జంక్షన్‌ల నిలబడి మేం మా యాసలనే మాట్లాడుతం. నవ్వితే నవ్వుండ్రి, మాకు అలవాటే.

మా చిన్నప్పుడు బడిల ఉర్దూ మాట నోట్లె నుంచి జారితే పంతులు 'తురక తెలుగు' అని ఎక్కిరించేటోడు. అందుకే ఇయ్యాల మీ నోట్లె ఉన్న మాట గురించే చెప్తం. జల్సా. మీ దిక్కు జల్సారాయుడంటే పైసలు తగలేసి తిరిగేటోడు. 2008ల గా పేరుతోటి సినిమా వస్తే అర్థమేందని ఒక్కలు అడగలే.

అది అరబ్బీ మాట. 'జలస' అంటే కూర్చున్నడు. పదిమంది కూడి కూర్చుంటే జల్సా, అంటే సభ. మజ్లిస్ పుట్టింది గూడ గా వేరుకే. నిజాం ఏలుబడిల గస్తీ నిషాన్ 53 కింద జల్సా పెట్టాలంటే ముందుగాల ఇజాజత్ కావాలె. మీ అర్థంతోని చదివితే నిజాం విందులు బంద్ పెట్టిండనుకుంటరు. ఆయన బంద్ పెట్టింది జనం నోరు!

మరి సభ కాస్తా సంబురమెట్లయింది? కూర్చున్నకాడ పాట పుడ్తది. ఉత్తరాదిల పాటకచేరిని గూడ జల్సా అన్నరు. మహారాష్ట్రల 1873ల ఫూలే పెట్టిన సత్యశోధక సమాజం బాటల సత్యశోధక జల్సాలు, అటెన్క అంబేద్కరీ జల్సాలు ఊరూరు తిరిగి కులం మీద పాడినయి. ఆడ పాట, సభ రెండూ ఉన్నయి. మీ తాన సభ జారిపోయింది, ఖుషీ మిగిలింది. 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం సుత పేరుకు సంబురమే. లోపల మాత్రం సభ. నౌకరీదార్లు, పోరగాండ్లు పాట వినొచ్చి, రాష్ట్రం ఎందుకు కావాల్నో తెలుసుకొని పోయిండ్రు.

బందరు ఒకప్పుడు గోల్కొండ రేవు. 1766ల నిజాం ఈ సర్కార్లను కుంపిణీకి రాసిచ్చేదాంక మీరు, మేము ఒక్క ఏలుబడి కిందనే ఉంటిమి. జిల్లా, తాలూకా, ఆఖరికి రైతు, ఇవన్ని అరబ్బీ మాటలే. ఫార్సీల షికారంటే వేట, మీకు క్రిష్ణ కట్ట మీద నడక. హుషారంటే తెలివి, మీకు ఉత్సాహం. మజా అంటే రుచి. గివే మాటలు మీ నోట్లె తెలుగైతే మా నోట్లె తురక తెలుగెట్లయితయి?

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. ఈ లెక్క మాత్రం తేలలే. సభ అయినంక గా చాయ్ హోటల్ కాడ కూర్చుందాం. జవాబు ఆడ చెప్పుండ్రి.