జిల్లా దాటితే వలస కాదా?

(ముసునూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నూజివీడు మామిడి అనగానే చిన్నరసాలు, బంగినపల్లి గుర్తొస్తాయి. ఆ కాయ నున్న మార్కెట్టుకు చేరేలోగా దాని మీద పడే చేతులు గుర్తు రావు. తోట రైతుది. పంట గుత్తదారుది. కూలీలను తెచ్చేది మేస్త్రీ. మరి యజమాని ఎవరు? కూలి బాకీ పడినా, చెట్టు మీంచి మనిషి పడినా ఒకరు మరొకరిని చూపిస్తారు.

వలస కూలీల కోసం 1979లోనే చట్టం వచ్చింది. కాంట్రాక్టరు వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీలు ఐదుగురుంటే చాలు, వర్తించేది. దారి ఖర్చులతో పాటు, ఊరు విడిచినందుకు నెల జీతంలో సగం భత్యంగా ఇవ్వాలంది. దాని స్థానంలో 2020లో చేసిన వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. సొంతంగా వచ్చినవాళ్లనూ అది లెక్కలోకి తీసుకుంది, అది మంచిదే. కానీ ఐదుగురు పదిమందయ్యారు. ఆ భత్యం పోయింది. రాష్ట్ర సరిహద్దు మాత్రం కదల్లేదు.

ఆ సరిహద్దు విడ్డూరం చూడండి. సత్తుపల్లి ఇక్కడికి దగ్గరే. అయినా 2014 జూన్ 2 నుంచి అక్కడి కూలీ మన తోటకొస్తే అంతర్రాష్ట్ర వలస కార్మికురాలు. పిల్లల్ని చంకనెత్తుకుని 400 కిలోమీటర్లకు పైగా దాటి శ్రీకాకుళం నుంచి వచ్చే స్త్రీ మాత్రం కాదు!

ఇక కూలి సంగతి. 1976 నాటి సమాన వేతన చట్టం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. రెండూ ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి సమాన వేతనమంటాయి. తోటలో మగవాళ్లు చిక్కంతో కాయ కోస్తారు. ఆడవాళ్లు ఏరి, రకాలు వేరుచేసి, గడ్డి పరిచి సర్దుతారు. పనికి వేరే పేరు పెడితే చాలు, తక్కువ కూలికి సాకు దొరుకుతుంది. కాయ నేల పడకుండా కోయడం నైపుణ్యమైతే, దెబ్బతిన్న కాయను చేత్తో తడిమి పట్టుకోవడం నైపుణ్యం కాదా? సొన తగిలి పొక్కేది ఆ చేతులే కదా!

మన ముందు మూడు పనులున్నాయి. మేస్త్రీ పుస్తకంలో స్త్రీ పేరు విడిగా ఉండాలి, కూలి ఆమె చేతికే అందాలి. గుత్త కాగితంలోనే కూలీల బాధ్యత ఎవరిదో రాయించాలి. జిల్లా దాటినవాళ్లనూ వలస కార్మికులుగా గుర్తించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని నిలదీయాలి. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోవే.

కోతల నాటికి బేరాలన్నీ ముగిసిపోతాయి. కాబట్టి మనం పూత మీదే కదలాలి.