తుఫాను తరువాత మంచినీరు



తుఫాను అనగానే మనకు మృతుల సంఖ్య గుర్తుకు వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కృష్ణా తీరవాసులు నేటికీ ఆ లెక్కతోనే తలచుకుంటారు. ప్రాణాలతో మిగిలినవారు మరునాడు ఏ నీరు తాగారన్న ప్రశ్న అరుదుగా వినబడుతుంది. అదే బంగాళాఖాతపు ఉత్తర తీరాన, బంగ్లాదేశ్‌లో, ఆ ప్రశ్న ఏళ్ల తరబడి తీరలేదు. నేడు దాని గురించే మాట్లాడదలచాను.

2007 నవంబరులో వచ్చిన సిద్ర్ తుఫాను అక్కడ వేలమందిని బలిగొన్నది. 2009 మే 25న ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాలను తాకిన ఐలా మృతులు వందలలోనే ఉన్నారు. కనుక ప్రపంచం దానిని త్వరగా మరచిపోయింది. కానీ ఐలాకు మట్టి కరకట్టలు తెగిపోయాయి. సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు ఊళ్లలోకి వచ్చిపోయింది. కొన్ని గండ్లు పూడ్చడానికి ఏడాదికి పైగా పట్టింది. అంతకాలమూ ఎన్నో కుటుంబాలు కట్టలమీదనే గుడిసెలు వేసుకుని బతికాయి.

అక్కడ బావులలో, బోర్లలో చాలావరకు ఉప్పునీరే. పేదలకు చెరువే ఆధారం. చెరువు నీటిని ఇసుక తొట్లలో వడగట్టి తాగుతారు. ఇసుక మట్టిని ఆపుతుంది, క్రిములను చాలావరకు ఆపుతుంది; నీటిలో కరిగిన ఉప్పును మాత్రం ఆపలేదు. ఒక్కసారి చెరువులో సముద్రం చేరితే ఆ తొట్టి ఉన్నా లేనట్లే. ఇక దూరపు చెరువుకు బిందెలతో నడవడమో, నీరు కొనడమో. నడిచేది స్త్రీలు. దాకోప్ ప్రాంతంలో గర్భిణుల అధిక రక్తపోటుకు, తాగునీటి ఉప్పుకు సంబంధం ఉన్నదని పరిశోధకులు గుర్తించారు.

తుఫాను ఒక్కటే దోషి కాదు. ఎగుమతి రొయ్యల కోసం కట్టలకు తూములు పెట్టి ఉప్పునీటిని పొలాలలోకి తెచ్చినది మనుషులే. లాభం రొయ్యల చెరువు యజమానికి, ఉప్పు పక్కనున్న కూలీకి! దీనిని పూర్తిగా ప్రకృతి వైపరీత్యమనడానికి నాకు నోరు రాదు.

2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మంచినీటిని మానవ హక్కుగా గుర్తించింది. ఆనాటికి ఐలా బాధితులు అనేకులు ఇంకా కట్టలమీదనే ఉన్నారు.

వాననీటి తొట్టి పరిష్కారమంటారు. నిజమే, కానీ దానికి రేకుల కప్పు కావాలి. గడ్డి కప్పు గుడిసెకు వాన పడుతుందే గాని, తాగే నీరు చేరదు. కనుక సహాయ జాబితాలో బియ్యం, దుప్పట్లతోపాటు కప్పుకు రేకులు, నీటికి తొట్టి మొదటిరోజే ఉండాలి. మన తీర మండలాల జాబితాలలో అవి ఉన్నవో లేవో అధికారులను మనమే అడగాలి, తుఫాను రాకముందే.