మాట తెప్పించే చదువు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మన స్కాలర్‌షిప్ కమిటీకి ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ దరఖాస్తులే ఎక్కువగా వస్తాయి. ఇవాళ మీ ముందు పెడుతున్న చదువు పేరు ఎమ్మెస్సీ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. మాట ఆలస్యమైన పిల్లలు, నత్తి ఉన్నవారు, గ్రహణం మొర్రి ఆపరేషన్ అయ్యాక కూడా మాట ముక్కుతో వచ్చేవారు, పక్షవాతంతో మాట పడిపోయినవారు, ముద్ద మింగలేనివారు, వీళ్లందరికీ చికిత్స చేసే చదువు ఇది. అరిచి అరిచి గొంతు పోగొట్టుకునే మా టీచర్లకూ అక్కడ పని పడుతుంది లెండి.

ఇంటర్ సైన్స్ తరువాత బి.ఎ.ఎస్.ఎల్.పి. డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఆ పైన ఎమ్మెస్సీ రెండేళ్లు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి ఉంది. ముంబైలో 1983లో మొదలైన జాతీయ సంస్థకు పెట్టిన పేరు అలీ యావర్ జంగ్‌గారిది. ఆయన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం మన సికింద్రాబాదులోనే ఉంది.

"డిగ్రీతోనే ఉద్యోగం వస్తుంది కదా, ఎమ్మెస్సీకి మనమెందుకివ్వాలి మాస్టారూ?" అని కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. డిగ్రీలో వినికిడి, మాట రెండూ కలిపి నేర్పుతారు. ఎమ్మెస్సీలో రెండేళ్లూ మాట, భాషల మీదే. పరిశోధన కూడా చేయాలి. మన పిల్లలకు కావలసింది ఆ పరిశోధనే.

మా బడికి వచ్చే కొందరికి ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. కొన్ని నెలలు నోరు విప్పరు. టీచరు "మందబుద్ధి" అంటారు. ఇంట్లో నానీమా "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది" అంటుంది. పరీక్ష మాత్రం ఎవరూ చేయించరు. రెండు భాషల మధ్య పెరగడం జబ్బు కాదు. నిజంగా లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనపడుతుంది. అంటే ఇంటి భాషలో కూడా పరీక్షించాలి. 'కలమ్' అనే మాట చూడండి. పుస్తకాల ఉర్దూలో దాని మొదటి అక్షరం గొంతు అడుగు నుంచి వచ్చే 'క'. మన దక్కనీలో అది 'ఖ'. పుస్తకంతో కొలిచే థెరపిస్టు దాన్ని తప్పు కింద రాసుకుంటారు. మన ఇంట్లో పెరిగినవారికి అది తప్పు కాదని తెలుసు. తెలుగు పరీక్షను ఉర్దూలోకి తర్జుమా చేసేస్తే పని జరగదు. పిల్లలు ఏ వయసులో ఏ మాట పలుకుతారో దక్కనీలోనే చూసి తయారుచేయాలి. ఎమ్మెస్సీ విద్యార్థి చేయదగిన పని అది.

డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి దరఖాస్తు నెల రోజులుగా కమిటీ దగ్గరుంది. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. "ఫీజు కుదిరితే చదివిస్తాను" అని తండ్రి నాతో అన్నారు. ప్రవేశాల గడువు దగ్గరపడింది. రెండేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు ఎవరు చూసుకుంటారో భోజనాల లోపు చెబితే, ఆయనకు ఇక్కడినుంచే ఫోన్ చేస్తాను.