బడిలో పద్నాలుగు మంది



పొద్దంతా పనిచేసి వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. మన బడి గురించి నాలుగు మాటలు చెబుతాను.

నేను ఈ బడిలో పంతులమ్మను. అయిదు తరగతులకూ నేనొక్కదాన్నే. హాజరుపట్టీలో ఉన్న పేర్లు 14. అందులో ఆడపిల్లలు 10 మంది. ఎస్సీ కాలనీ పిల్లలు తొమ్మిది మంది. యానాదుల పిల్లలు నలుగురు. ఊళ్ళోంచి వచ్చేది ఒకే ఒక్క పాప.

మిగతా పిల్లలేరీ? పొద్దున ఏడున్నరకు పసుపు రంగు బస్సొస్తుంది. అందులో టౌను బడికి పోతున్నారు. నేను తప్పు పట్టను. నా కొడుకును నేనూ ఒక ఏడాది అలాగే పంపాను. దాచడమెందుకు? కానీ చూడండి. ఒకే ఇంట్లో తమ్ముడు బస్సెక్కుతాడు. అక్క నడిచి మన బడికొస్తుంది.

మా అమ్మ ఈ బడిలోనే చదివింది. ఆమెను అరుగు కింద విడిగా కూర్చోబెట్టేవారు. పలక మీద రాసి దూరం నుంచే చూపించేది. దాహమేస్తే నీళ్ళు పైనుంచి పోసేవారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది పోయింది. అన్ని వీధుల పిల్లలూ ఒకే బంతిలో అన్నం తినేవారు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ విడిగా కూర్చోమనలేదు. అయినా పిల్లలు విడిపోయారు.

ఇంకా తగ్గితే, బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామంటారు. అది 3 కిలోమీటర్లు. మధ్యలో లారీలు తిరిగే రోడ్డు. ఆరేళ్ళ పిల్లను రోజూ ఎవరు దాటిస్తారు? కూలి మానుకుని మీరు వెళ్ళగలరా? ముందు ఆగిపోయేది ఆడపిల్లే.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం చిన్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు పంతుళ్ళు ఉండాలి. పిల్లలు 60 మంది లోపు ఉన్నా సరే. ఒక్క మనిషి అయిదు తరగతులు చెబితే చదువెలా వస్తుంది? చదువు రాదనే కదా బస్సెక్కిస్తున్నారు! బడి కమిటీలో నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. మన కమిటీ పుస్తకం నిండా వేలిముద్రలే. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

శనివారం రాత్రి హాజరుపట్టీ, తెల్ల కాగితాలు తెస్తాను. పిల్లల పేర్లు మీరే చదవండి. రెండో పంతులు కావాలని అర్జీ మీరే రాయండి. తప్పులుంటే నేను దిద్దుతాను. పిల్లల్ని బస్సెక్కించే ఇళ్ళవాళ్ళను కూడా పిలుచుకు రండి.