తాళంచెవి వద్దు, డ్యూటీ ఇవ్వండి

(నర్సులు, ఆరోగ్య కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నర్సుల పని పరిస్థితుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. జీతాల గురించి, కాంట్రాక్టు ఉద్యోగాల గురించి, నైట్ డ్యూటీలో భద్రత గురించి పొద్దుటి నుంచీ చాలామంది చెప్పారు. నేను చెప్పబోయే విషయం గురించి మాత్రం మన సంఘాల్లో కూడా ఎవరూ నోరు విప్పరు. మత్తుమందుకి అలవాటుపడిన నర్సు సంగతి అది. ఆ అలవాటు నుంచి బయటపడి, మళ్లీ యూనిఫాం వేసుకుంటానని వచ్చిన నర్సు సంగతి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను ముప్పై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో చివరి పదకొండేళ్లు వార్డు ఇన్‌చార్జిని. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన వాళ్లను ఉంచే వార్డు మాది. అక్కడ ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. చెయ్యి తేలిక అని పేరు. ఆ సిస్టర్ సూది వేస్తే నొప్పే తెలియదని రోగులు ఆమె డ్యూటీ కోసం ఎదురుచూసేవాళ్లు. మనుషులు చాలక వరసగా నైట్లు వేసేవాళ్లం. ఒక రాత్రి బరువైన రోగిని ఒక్కతే పక్కకు తిప్పబోయి నడుం పట్టేసింది. సెలవు పెడితే జీతం పోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, భర్త సంపాదన అంతంతమాత్రం. రోగికి ఇవ్వగా మిగిలిన పెంటజోసిన్, అదే మనం ఫోర్ట్‌విన్ అంటామే, తనే పొడుచుకుంది. నొప్పి తగ్గింది, డ్యూటీ చెయ్యగలిగింది. మర్నాడూ నొప్పి వచ్చింది.

ఎనిమిది నెలల తర్వాత నాకు తెలిసింది. రిజిస్టర్‌లో లెక్క తేడా వచ్చి కాదు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల స్వెట్టర్ తియ్యకపోతే అనుమానం వచ్చింది. చేతుల మీద, తొడల మీద చర్మం గట్టిపడి పుళ్లు పడ్డాయి. ఆ మందు పదేపదే పొడుచుకుంటే అలాగే అవుతుంది. పుళ్లకు కట్లు తనే కట్టుకుని వచ్చి అందరికీ కట్లు కట్టేది.

అప్పుడు నేనేం చేశాను? మేనేజ్‌మెంట్ వాళ్లు తలుపు మూసి ఆమె ముందు తెల్లకాగితం పెట్టారు. 'స్వంత కారణాల వల్ల' అని ఆమె చేత రాయించింది నేనే. పోలీసు కేసు లేకుండా కాపాడాననుకున్నాను. ఆసుపత్రి పరువు నిలిచింది, నా వార్డు పేరు నిలిచింది. ఆమెను ఒక డాక్టరుకి చూపించాలని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. నెల తిరక్కుండా ఆమె ఇంకో ఊళ్లో నర్సింగ్ హోంలో చేరింది. వాళ్లు నాకే ఫోన్ చేసి అడిగితే "పని బాగా చేస్తుందండీ" అన్నాను.

అదే ఆసుపత్రిలో అంతకు రెండేళ్ల ముందు ఒక మత్తు డాక్టరుగారికి ఇదే జబ్బు వచ్చింది. ఆయనకు "ఒంట్లో బాగాలేదు" అన్నారు. నాలుగు నెలలు విశ్రాంతి ఇచ్చారు, వైద్యం చేయించారు, ఆయన తిరిగి వచ్చారు. ఎవరూ మారుమాట అనలేదు. అదే మంచి పద్ధతి అని ఇప్పుడు కూడా అంటాను. కానీ అది డాక్టరుకే ఎందుకు దక్కింది? మగవాడు తాగి వస్తే అలిసిపోయి తాగాడంటారు. ఆడది మందుకి అలవాటు పడితే చెడిపోయిందంటారు. పిల్లల తల్లి అయితే ఇంకా రెండు మాటలు ఎక్కువే అంటారు.

ఈ తేడా మన దేశంలోనే కాదు. అమెరికాలో 1973లోనే వైద్య సంఘం వాళ్లు జబ్బుపడిన డాక్టరు గురించి నివేదిక ప్రచురించి, వాళ్లకు వైద్యం దారి చూపమన్నారు. నర్సుల సంఘం ఇలాంటి తీర్మానం చెయ్యడానికి 1982 దాకా పట్టింది. మరుసటి ఏడాదే, అంటే 1983లో, ఫ్లారిడా రాష్ట్రం చట్టం చేసి ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. నర్సు తనంతట తాను వచ్చి చెప్పుకుంటే, లేదా తోటివాళ్లు చెబితే, ముందు పని ఆపిస్తారు, వైద్యానికి పంపుతారు. కోలుకున్నాక షరతులతో పనిలోకి రానిస్తారు. షరతులు తప్పితేనే లైసెన్సు మీదికి వెళ్తారు. తర్వాత చాలా రాష్ట్రాలు ఈ దారి పట్టాయి.

నర్సులకే ఈ జబ్బు ఎందుకు వస్తుందని అడుగుతారు. అక్కడ 1998లో అచ్చయిన ఒక పరిశీలన నాలుగువేల మందికి పైగా నర్సులను అడిగి చూసింది. సిగరెట్లు, మితిమీరిన తాగుడు, మత్తుమందులు అన్నీ కలిపి ఆ ఏడాదిలో ఏదో ఒకటి వాడామన్నవాళ్లు 32 శాతం. నన్ను ఆపింది ఆ అంకె కాదు. పిల్లల వార్డు, స్త్రీల వార్డు, జనరల్ వార్డు నర్సులతో పోలిస్తే క్యాజువాలిటీ నర్సులు గంజాయి, కొకైన్ వాడే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువ. క్యాన్సర్ వార్డు నర్సుల్లో అతిగా తాగడం రెట్టింపు. వార్డుని బట్టి జబ్బు మారుతోందంటే తప్పంతా మనిషి గుణంలోనే ఉందని ఎలా అంటాం? నడుం నొప్పి, నిద్ర లేని రాత్రులు, చేతికందే దూరంలో ఆంప్యూల్, 'మోతాదు నాకు తెలుసులే' అనే ధీమా. ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర చేరేది మన వృత్తిలోనే.

పొద్దున ఒక సోదరి అడిగారు, "మరి రోగుల ప్రాణాలో?" అని. న్యాయమైన ప్రశ్న. మనం స్త్రీల హక్కుల గురించి మాట్లాడుతూ, మంచం మీద పడున్న స్త్రీ హక్కును మర్చిపోకూడదు. నొప్పి మందుకి బదులు ఉప్పు నీళ్లు ఎక్కించుకున్న రోగి కూడా మనిషే. అందుకే 2012లో అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో బయటపడిన సంగతి చెబుతాను. అతను నర్సు కాదు, గుండె పరీక్షల విభాగంలో టెక్నీషియన్. రోగులకివ్వాల్సిన ఫెంటనిల్ తను పొడుచుకుని, ఆ సిరంజిలో సెలైన్ నింపి పెట్టేవాడు. అతనికి హెపటైటిస్ సి ఉంది. ఆ ఒక్క రాష్ట్రంలోనే 30 మందికి పైగా రోగులకు సోకింది. 2013లో 39 ఏళ్ల శిక్ష పడింది. విచారణలో తేలిందేమిటంటే, అంతకు ముందు వేరే రాష్ట్రాల ఆసుపత్రుల్లో కూడా అతని మీద అనుమానం వచ్చింది. ఉద్యోగంలోంచి తీసేశారు. అతను తర్వాతి ఆసుపత్రికి వెళ్లాడు.

నేను చేసింది కూడా అదే కదా. నా వార్డు గుమ్మం దాటిస్తే నా బాధ్యత తీరిందనుకున్నాను. కాగితం మీద రాజీనామా రాయించి పంపిన ప్రతిసారీ జబ్బుని ఇంకో ఊరికి బదిలీ చేస్తున్నాం. వెళ్లగొట్టడం రోగికి రక్షణ కాదు. వైద్యం చేయించి, కళ్లెదురుగా షరతులతో పని చేయించడమే రక్షణ.

షరతులంటే ఏమిటో చెబుతాను. మొదటి ఆరు నెలలో, ఏడాదో మత్తుమందుల బీరువా తాళం ఆమె చేతికి ఇవ్వరు. ఆమె రోగికి ఆ మందు కావాలంటే ఇంకో నర్సు ఇస్తుంది. నైట్లు వెయ్యరు, ఓవర్‌టైం ఉండదు, ఒంటరిగా ఉండే డ్యూటీ ఉండదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు మూత్ర పరీక్ష ఇవ్వాలి. వార్డులో ఒకరు ఆమె పనిని గమనించి రాసి పంపుతారు. ఇది మూడేళ్లు, ఐదేళ్లు సాగుతుంది. 2011లో అక్కడి నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి వీటన్నిటినీ ఒక మార్గదర్శక పుస్తకంగా తెచ్చింది.

వాళ్లదంతా స్వర్గమని చెప్పడం లేదు. పరీక్షల ఖర్చు చాలాచోట్ల నర్సే పెట్టుకోవాలి. ఉద్యోగం లేని మనిషి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఇంకో అన్యాయం కూడా జరిగింది. వ్యసనానికి డాక్టర్లు రాసే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు వాడుతున్న నర్సులను ఇండియానా రాష్ట్ర నర్సింగ్ బోర్డు తన సహాయ కార్యక్రమంలో ఉండనివ్వలేదు. ఆ మందు మానితేనే రమ్మంది. షుగరు రోగిని ఇన్సులిన్ మానితేనే ఉద్యోగం అన్నట్టుంది. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని బోర్డు ఉల్లంఘించిందని 2022 మార్చిలో అమెరికా న్యాయశాఖ తేల్చింది. ఆ చట్టం ప్రకారం ప్రస్తుతం చట్టవిరుద్ధంగా మత్తుమందు వాడుతున్న వ్యక్తికి రక్షణ లేదు, వైద్యం పొంది మానేసిన వ్యక్తికి ఉంది. ఆ గీత ఎక్కడ గీశారో చూడండి. నిన్న ఏం చేశావని కాదు, ఇవాళ ఎలా ఉన్నావని అడుగుతోంది.

మన దగ్గర? నా సర్వీసులో నేను చూసినంతలో కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఉండడం, లేదా పోవడం, ఈ రెండే. మధ్యలో దారి లేదు. అయినా మన చట్టాల్లో పట్టుకోవడానికి కొన్ని కొసలున్నాయి. 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64-ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మొత్తం దొరికినందుకో కేసు పడిన వ్యసనపరులు తమంతట తాము గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో వైద్యం తీసుకుంటే ఆ కేసు నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఆసుపత్రి నిల్వలోంచి తీసిన కేసుకి ఇది వర్తించదు, ఆ భ్రమ ఎవరికీ పెట్టకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. వైద్యం విషయంలో శరీర రోగాలున్నవాళ్లతో సమానంగా చూడాలంది, వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలంది. అంటే మేనేజ్‌మెంట్ గదిలో ఆమె స్వెట్టర్ చేతులు పైకి లాగించే హక్కు మాకు లేదు. అప్పుడు ఈ చట్టం లేదు, నిజమే. ఉన్నా నాకు తెలిసేది కాదేమో.

ఆ అమ్మాయి సంగతి పూర్తి చేస్తాను. నర్సింగ్ హోంలోనూ దొరికిపోయింది. ఈసారి ఆమె అన్నగారు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లారు. భర్త రాలేదు. ఏడాదిన్నర తర్వాత మా ఇంటికి వచ్చింది. స్వెట్టర్ లేదు. చేతుల మీద మచ్చలు దాచుకోలేదు. "అక్కా, తాళంచెవి మాత్రం ఇవ్వొద్దని చెప్పండి. మిగతా ఏ పనైనా చేస్తాను" అంది. షరతు నేను పెట్టలేదు, ఆమే పెట్టుకుంది. మా ఆసుపత్రి వాళ్లు ఒప్పుకోలేదు. ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మను బతిమాలితే పిల్లల టీకాల గదిలో పెట్టుకున్నారు. విషయం మొత్తం చెప్పే పంపాను. పగటి డ్యూటీ, నెలకోసారి మానసిక వైద్యుడి చీటీ.

మొదటి వారం టీ గదిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదట. ఒక సిస్టర్ ఆమె ఎదురుగానే సిరంజీలు లెక్కపెట్టేదట. "లెక్కపెట్టనీ అక్కా, లెక్కపెడితేనే నాకు ధైర్యంగా ఉంటుంది" అంది. రెండో ఏడు, తల్లి చనిపోయినప్పుడు ఒకసారి జారింది. ఆ మర్నాడు తనే వెళ్లి డాక్టరమ్మకు చెప్పింది. మూడు వారాలు వైద్యం, మళ్లీ డ్యూటీ. గదిలో తలుపు మూసి తెల్లకాగితం పెట్టే చోట అయితే ఆ మాట చెప్పేదా?

ఇక్కడ సంఘాల వాళ్లున్నారు, డీఎడిక్షన్ కేంద్రాలతో పనిచేసేవాళ్లున్నారు. స్త్రీలకు విడిగా పడకలు ఎన్ని ఉన్నాయో మీమీ జిల్లాల్లో వెళ్లి చూసి రాయండి. పిల్లల్ని వదిలి రాలేని తల్లికి ఏం ఏర్పాటుందో కూడా అడగండి. మీ దగ్గరికి ఎవరైనా వస్తే 14446 నంబరు వ్యసన విముక్తి కోసం, 14416 మానసిక ఆరోగ్య సలహా కోసం ఉన్నాయి, చెప్పండి. నర్సింగ్ కౌన్సిల్‌కి ఇవ్వాల్సిన విజ్ఞప్తి చిత్తుప్రతి ఆ బల్ల మీద పెట్టాను. పరీక్షల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న చోట ఖాళీ వదిలాను, నాకు ఒక్కదానికే తేలలేదు. టీ తర్వాత కూర్చుందాం. ఇన్‌చార్జి సిస్టర్లు తప్పకుండా ఉండండి. రాజీనామా రాయించే కలం మన చేతిలోనే ఉంటుంది కదా.