ఉద్యోగ ప్రకటన చెప్పేది, చెప్పనిది

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"మీరు ఇంజినీరు కదా, పిల్లలకు పనికొచ్చేది ఓ పది నిమిషాలు చెప్పండి" అన్నారు సంఘం కార్యదర్శి గారు. ఈమధ్య మన సైనిక్‌పురిలో తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు గేమింగ్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు లక్షల్లో ఉంది. హైదరాబాదులో పెద్ద పెద్ద ఆటలు తయారవబోతున్నాయట, నిజమేనా?" ఆ 'అట' ఎక్కడ పుట్టిందని ఆరా తీస్తే, చాలాసార్లు ఏదో కంపెనీ ఇచ్చిన ఉద్యోగ ప్రకటన దగ్గర తేలుతుంది. అందుకని ఉద్యోగ ప్రకటనను ఎలా చదవాలో ఈరోజు మాట్లాడతాను.

ఈ విద్య మన పేటకు కొత్తది కాదు. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ మన పక్కనే ఉంది. దాన్ని నడిపిన డాక్టర్ ఎ.ఎస్.రావు గారి పేరే పక్క కాలనీకి పెట్టుకున్నాం. మా చిన్నతనంలో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ రాగానే పెద్దవాళ్లు గేటు దగ్గర నిలబడి లెక్కలు వేసేవారు. "ఈసారి కంప్యూటర్ వాళ్లను ఎక్కువ అడిగారు, ఏదో కొత్త ఆర్డరు వచ్చినట్టుంది" అనేవారు. ఇప్పుడు కుర్రాళ్లు గేమ్ స్టూడియోల విషయంలో చేస్తున్నదీ అదే.

ఆటలు తయారుచేసే కంపెనీలకు గుట్టు ఎక్కువ. పెద్ద ఆటకు నాలుగైదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అన్నాళ్లూ పేరు కూడా బయటపెట్టరు. కానీ మనుషుల్ని తీసుకోవాలంటే ఏ పని తెలిసినవాళ్లు కావాలో రాయక తప్పదు. అక్కడ గుట్టు కొంచెం జారుతుంది.

ఇల్లు కట్టడం గుర్తు తెచ్చుకోండి. ప్లాను గీసేవాడు ముందు వస్తాడు, తర్వాత మేస్త్రీ, చివర్లో రంగులు వేసేవాడు. ఆట కూడా అంతే. ముందు డైరెక్టరును, సీనియర్ డిజైనర్లను వెతుకుతారు. నిర్మాణం ఊపందుకున్నాక ప్రోగ్రామర్లు, చిత్రకారులు పదుల్లో కావాలి. విడుదల దగ్గరపడితే పరీక్షించేవాళ్లు, వేరే భాషల్లోకి మార్చేవాళ్లు కావాలి. ఎవరిని పిలుస్తున్నారో చూస్తే పని ఏ దశలో ఉందో ఊహించవచ్చు.

పనిముట్టు పేరు కూడా గుర్తే. పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 'విచర్ 3', 'సైబర్‌పంక్ 2077' ఆటలను సొంత రెడ్‌ఇంజిన్‌తో చేసింది. 2022 మార్చిలో, ఇకపై కొత్త విచర్ ఆటకు అన్‌రియల్ ఇంజిన్ 5 వాడతామని చెప్పింది. ఆ తర్వాత వాళ్ల ప్రకటనలో అన్‌రియల్ అనుభవం అడిగారంటే, అది పాత ఆట మరమ్మతుకు కాదు, రాబోయే ఆటకు అని అర్థం చేసుకోవడం సబబే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే ఒక హెచ్చరిక. ప్రకటన ఉద్దేశాన్ని చెబుతుంది, ఫలితాన్ని చెప్పదు. అమెరికాలోని నాటీ డాగ్ స్టూడియో, మల్టీప్లేయర్ ఆట తెలిసినవాళ్లు కావాలని బాహాటంగానే అడిగింది. అభిమానులు ఊహించారు. ఊహ తప్పు కాలేదు, 2022లో కంపెనీయే ఔనంది. 2023 డిసెంబరులో ఆ ఆటను ఆపేసింది. విడుదల చేశాక ఏళ్ల తరబడి దాన్ని పోషించడానికే స్టూడియో బలమంతా పెట్టాల్సి వస్తుందని కారణం చెప్పింది. అంటే ప్రకటనను సరిగ్గా చదివినవాడికి కూడా చివరికి ఆట దక్కలేదు.

ప్రకటన చెప్పనిది ఇంకొకటి ఉంది, అప్పు. రిథమ్ అండ్ హ్యూస్ గ్రాఫిక్స్ స్టూడియోకు మన హైదరాబాదులోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, బహుమతికి కొద్దిరోజుల ముందే, ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పనితనానికి లోటు లేదు, లోటు డబ్బు దగ్గర వచ్చింది. హైదరాబాదులో కార్యాలయం ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంగతి చూడండి. దాన్ని 5,500 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందం 2025 సెప్టెంబరులో బయటికొచ్చింది. అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. ఇంత పెద్ద మార్పు ఏ ఉద్యోగ ప్రకటనలోనూ కనబడదు. వ్యాపార వార్తల్లో వెతకాలి.

మరి మన పిల్లల సంగతేమిటి? నేను చూసినంతలో మన ఊరి ప్రకటనల్లో ఆటను పరీక్షించడం, మొబైల్ ఆటలు, సర్వర్లు, విడుదలైన ఆటను నడిపించడం, ఇలాంటివే ఎక్కువ. ఇవి చిన్న పనులు కావు, మంచి జీతాలున్నవే. అయితే ఆట ఎలా ఉండాలో నిర్ణయించే పదవులు ఇక్కడ తక్కువ కనిపిస్తాయి. ఆ పదవులకు ఇక్కడే మనుషుల్ని అడగడం మొదలైతే, అప్పుడు ఊరు మారుతోందని నమ్ముతాను. మార్పు రాదని కాదు, తొందరగా రాదు. బెంగళూరులో రాజేశ్ రావు గారు 1997లో పెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ విదేశీ ఆటలకు బొమ్మలు గీసిచ్చే పనితో ఎదిగింది. 2019లో 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' తీసే రాక్‌స్టార్ దాన్ని కొనుక్కుంది. ఆ దారికి 22 ఏళ్లు పట్టింది.

కాబట్టి ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు నాలుగు విషయాలు చూడండి. ఒకటి, ఉద్యోగం పర్మనెంటా, కాంట్రాక్టా. రెండు, కొత్తది కట్టే పనా, ఉన్నది చూసుకునే పనా. మూడు, అదే ప్రకటన నెలల తరబడి తిరిగి తిరిగి వస్తోందా. వస్తుంటే, పని పెరుగుతోందో, మనుషులు నిలవడం లేదో కనుక్కోవాలి. నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం, కొత్తవాళ్లను అడుగుతున్నారా, ఐదేళ్ల అనుభవం అడుగుతున్నారా. అనుభవజ్ఞుల కోసం ఇచ్చిన ప్రకటనను చూపించి కొత్త పిల్లల దగ్గర ఫీజు తీసుకునేవాళ్లున్నారు. జాగ్రత్త.

పిల్లలూ, మీకొక మాట. ఏ స్టూడియో ఏ ఆట తీస్తుందన్న ఊహ సరదాకు బాగుంటుంది, చేసుకోండి. చదువును మాత్రం ఒక్క కంపెనీ ఊహ మీద పెట్టకండి. పది ప్రకటనలు పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిట్లోనూ మళ్లీ మళ్లీ కనిపించేవి ఉంటాయి: సీ ప్లస్ ప్లస్, వెక్టర్లు, మాత్రికలు, చేత్తో బొమ్మ గీయడం, నలుగురితో కలిసి పనిచేయడం. ఒక స్టూడియో మూతపడినా ఇవి మీతోనే ఉంటాయి. వీటిలో సగం ఈ బడిలోనే ఉచితంగా దొరుకుతాయి. మన లెక్కల సారు ఇక్కడే ఉన్నారు, డ్రాయింగ్ టీచర్ గారూ ఉన్నారు.

సంఘానికి నా విన్నపం ఒకటే. నెలకో శనివారం సాయంత్రం మన కంప్యూటర్ ల్యాబు తెరిపించండి. ఈ రంగంలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులం వంతులవారీగా వచ్చి, అసలు ప్రకటనలు ముందు పెట్టుకుని పిల్లలతో చదివిస్తాం. మొదటి నెల వంతు నాది.